పచ్చిక కోర్టులో నేను ముందు చూసేది కాళ్ళనే

విజయనగరంలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక బడి మైదానంలో కొంత సిమెంటు గచ్చు, దాన్ని ఆనుకునే గరిక పెరిగిన నేల ఉన్నాయి. తొలకరి వాన వెలిసిన ఒక సాయంత్రం నేనూ మా మేనల్లుడూ అక్కడ నిలబడి, టెన్నిస్ బంతిని భుజం ఎత్తు నుంచి వదిలి చూశాం. గచ్చు మీద అది నడుముకు కాస్త కిందివరకు లేచింది. గరిక మీద మోకాలిని కూడా అందుకోలేదు. ఏటవాలుగా విసిరితే గచ్చు మీద పైకి ఎగిరిన బంతి, తడి గరిక మీద నేలను రాసుకుంటూ జారిపోయింది. "మావయ్యా, ఇక్కడ బంతి లెగట్లేదేటి?" అని వాడు అడిగాడు. ఇంగ్లండులో ఏటా పచ్చిక మీద జరిగే టెన్నిస్ పోటీ వింబుల్డన్. ఆ పచ్చికకూ మా గరికకూ పోలిక లేదు. అక్కడ గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, కింది మట్టిని రోలరుతో గట్టిపరుస్తారు. అయినా వాడి ప్రశ్నలోనే పచ్చిక ఆట కష్టమంతా ఉందని నాకు తోచింది.

పచ్చిక కోర్టు అనగానే చాలామంది సర్వీసును, అంటే పాయింటును మొదలుపెట్టే దెబ్బను కొలుస్తారు. సర్వీసు బలం అవసరమే కాని, అది ఆటగాడి లోపాన్ని కొంతసేపు కప్పిపెట్టగలదే తప్ప తీసివేయలేదు. 208 సెంటీమీటర్ల పొడవున్న జాన్ ఇస్నర్ 2010లో నికొలా మహుట్‌తో మూడు రోజులపాటు, మొత్తం 11 గంటల 5 నిమిషాలు ఆడి, ఎదుటివాడు తాకనైనా తాకలేని సర్వీసులు, అంటే ఏస్‌లు, 113 కొట్టి, ఐదో సెట్టును 70-68తో గెలిచాడు. అంతటి సర్వీసు ఉన్న మనిషి వింబుల్డన్‌లో సెమీఫైనల్ చూసింది 2018లో ఒక్కసారే. మరో పొడగరి అలెగ్జాండర్ జ్వెరెవ్‌ది కూడా పెద్ద సర్వీసే. 2025 వరకు అతడు అక్కడ నాలుగో రౌండు దాటలేదు. మోకాలి కింద జారుతూ వచ్చే బంతికి ఆ పొడవైన శరీరం వంగాలి, వంగిన వెంటనే మళ్ళీ లేవాలి, అదీ కాలు జారే నేల మీద. వాన పడిన పొలం గట్టు మీద మన రైతులు ఎలా నడుస్తారో గమనించినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వారు అంగలు వేయరు. మోకాళ్ళు కొద్దిగా వంచి, కాలివేళ్ళను నేలకు అదిమి, చిన్న చిన్న అడుగులతో సాగుతారు. పచ్చిక మీద గెలిచేవారి నడక కూడా సరిగ్గా ఇదే.

రోజర్ ఫెదరర్ ఎనిమిదిసార్లు అక్కడ గెలవడానికి మూలం నాకు ఆ అడుగుల్లోనే కనిపిస్తుంది. బంతి నేలను తాకి లేస్తుండగానే అందుకోవడం, చేతి వెనకవైపు నుంచి బంతిని కోసినట్టు కొట్టే బ్యాక్‌హ్యాండ్ స్లైస్‌తో దాన్ని మరింత కిందికి ఉంచడం, ఎదుటివాడు వంగి పైకి ఎత్తిన బంతిని నెట్ దగ్గర ముగించడం అతనికి ఊపిరి తీసినంత సహజంగా ఉండేవి. అతని బలహీనత కూడా ఈ నేల మీదే బయటపడింది. 2019 ఫైనల్లో అతడు 218 పాయింట్లు గెలిస్తే నొవాక్ జొకోవిచ్ గెలిచినవి 204 మాత్రమే. ఐదో సెట్టులో 8-7 వద్ద తన సర్వీసులోనే రెండు మ్యాచ్ పాయింట్లు, అంటే ఒక్కటి గెలిచినా మ్యాచ్ ముగిసే అవకాశాలు, ఫెదరర్ చేతిలో ఉన్నాయి. అయినా సెట్టు సమంగా నిలిచినప్పుడు తేల్చే టైబ్రేకులు మూడూ జొకోవిచ్‌వే అయ్యాయి, మ్యాచ్ కూడా. ఆ మ్యాచ్ ముగిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జొకోవిచ్ బంతి నేలను తాకకముందే కొట్టే వాలీ ఆడటంలో గాని, తల మీదుగా బాదే స్మాష్ కొట్టడంలో గాని ఫెదరర్‌కు సాటి రాడు. కాని పచ్చిక మీద జారుతూ వెళ్ళి, జారుతున్నప్పుడే సమతూకం చెడకుండా కొట్టడం అతనికి తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు. అందుకే ఎదుటివాని సర్వీసు ఎంత వేగంగా వచ్చినా అతని రిటర్న్, అంటే తిరుగు దెబ్బ, కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ దగ్గరే పడుతుంది. 2024లో మోకాలికి శస్త్రచికిత్స జరిగి ఆరు వారాలైనా తిరగకముందే అతడు ఫైనల్ చేరాడంటే, ఆ కాళ్ళకు ఈ నేల ఎంత అలవాటైనదో ఊహించవచ్చు.

రఫెల్ నదాల్ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అతని ఓటముల్లో పచ్చిక స్వభావమే రాసి ఉంది. 2008, 2010 సంవత్సరాల్లో గెలిచిన ఈ మనిషే 2012లో రెండో రౌండులో లూకాస్ రొసోల్ చేతిలో, 2013లో మట్టి కోర్టుల మీద ఆడే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి వచ్చిన వెంటనే మొదటి రౌండులో స్టీవ్ డార్సిస్ చేతిలో, 2015లో రెండో రౌండులో డస్టిన్ బ్రౌన్ చేతిలో ఓడాడు. రెండు వారాల ఈ పోటీలో మొదటి వారంలో గడ్డి పచ్చగా, తేమగా ఉండి బంతి కిందనే జారుతుంది. అరచేతి వైపు నుంచి కొట్టే నదాల్ ఫోర్‌హ్యాండుకు బంతి ఎగరాలి, చేయి వెనక్కి తీసుకునే వ్యవధి కావాలి. ఆ రెండూ అప్పుడు దొరకవు. రెండో వారానికి బేస్‌లైన్ దగ్గర గడ్డి అరిగి మట్టి తేలుతుంది, కాలు నిలుస్తుంది, బంతి లేస్తుంది. అక్కడిదాకా వచ్చిన నదాల్‌ను ఓడించడం మాత్రం ఎవరికైనా కష్టమే. 2001 నుంచి వింబుల్డన్‌లో పూర్తిగా రై గడ్డినే పెంచుతున్నందువల్ల బంతి మునుపటికన్నా ఎత్తుగా లేస్తోంది. ఆ మార్పు లేకపోతే అతనికి ఆ రెండు టైటిళ్ళు కూడా అంత తేలికగా వచ్చేవి కావని నా అభిప్రాయం. 2001 ఫైనల్లో గొరాన్ ఇవానిసెవిచ్, పాట్ రాఫ్టర్ ఇంకా పాత పద్ధతిలోనే సర్వీసు కొట్టి నెట్ వైపు పరుగెత్తితే, మరుసటి ఏడాది ఫైనల్ చేరిన లేటన్ హ్యూయిట్, డేవిడ్ నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ ఆటగాళ్ళే.

ఇగా స్వియాటెక్‌ది కూడా నదాల్ లాంటి ఇబ్బందే. 2018లో అక్కడ జూనియర్ టైటిల్ గెలిచినా, ఆమె ఫోర్‌హ్యాండుకు కావలసిన వ్యవధిని పచ్చిక ఇవ్వకపోవడం వల్ల పెద్దల విభాగంలో చాలాకాలం వెనకబడింది. 2025లో ఆమె అడుగులు చిన్నవయ్యాయి, బంతిని ముందుగా కలుసుకుంది. ఫైనల్లో అమండా అనిసిమోవాను 6-0, 6-0తో ఓడించింది.

కార్లోస్ అల్కరాజ్ దగ్గర నెట్ దాటగానే మెత్తగా పడే డ్రాప్ షాట్, స్లైస్, నెట్ ఆట అన్నీ ఉన్నాయి. 2023, 2024లలో జొకోవిచ్‌నే ఓడించి గెలిచాడు. ఏకాగ్రత మధ్యలో సడలడం ఒక్కటే అతని లోపం. యానిక్ సిన్నర్‌కు అంత వైవిధ్యం లేదు గాని, బంతి ఎంత కిందికి వచ్చినా మోకాళ్ళు వంచి, చదునుగా, ఒకే వేగంతో తిరిగి పంపగలడు. 2025 ఫైనల్లో మొదటి సెట్టు పోయాక అదే పని ఓపికగా చేసి, 4-6, 6-4, 6-4, 6-4తో అల్కరాజ్‌ను గెలిచాడు.

గడ్డి ఇంకా తడి ఆరని మొదటి సోమవారం నా జట్టులో ఒక్కరినే దింపమంటే ఫెదరర్‌ను దింపుతాను. బేస్‌లైన్ మట్టి తేలిన చివరి ఆదివారానికైతే జొకోవిచ్‌ను. మా మేనల్లుడు ఆ రెండు రోజులకూ అల్కరాజ్ చాలంటాడు. వాడు ఇప్పుడు ఆ గరిక నేల మీదే, మోకాళ్ళు వంచి, స్లైస్ నేర్చుకుంటున్నాడు.