రెండో బ్యాచ్

తెల్లారుజామున మదనపల్లె బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి మా జట్టులో ఎవరికీ నిద్రమత్తు వదల్లేదు. ఆధార్ కార్డులు చూపించి అందరం జీరో టికెట్లు తీసుకున్నాం. డబ్బులిచ్చి టికెట్ కొన్నది మాకు ఆటలు నేర్పే పీడీ సార్ ఒక్కరే. "ఆడేది మీరు, చార్జీలు నావి" అని ఆయనంటే కండక్టర్ కూడా నవ్వాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, మ్యాచ్ అనగానే ఇంట్లో చార్జీల కోసం బతిమాలే పని తప్పింది. మాబోటి జట్లకు అది చిన్న సంగతేం కాదు.

వాయల్పాడు, కలికిరి నిద్రలోనే దాటిపోయాయి. పీలేరులో ఎక్కిన ఒక అవ్వ నా పక్కన కూర్చుని, అందరి ఒంటిమీదా ఒకే రంగు టీషర్టులు చూసి, "యాడికి మ్మా ఇంతమంది?" అంది. ఖోఖో ఆడను పోతాండామని చెప్పాను. "అదేం ఆట మ్మా, బళ్లో మేమూ ఆడినాం గదా! దానికి బస్సెక్కి తిరుపతికి పోవాల్నా?" అని నోరు నొక్కుకుంది. వెనక సీట్లోంచి మా కెప్టెన్ ఊరుకోలేదు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ప్రపంచకప్ జరిగిందనీ, ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ను 78-40తో ఓడించారనీ ఫోన్‌లో వీడియో పెట్టి మరీ చూపించింది. అవ్వ కాసేపు చూసి, "పాపం, ఆ పిల్లోళ్లు కూడా బాగానే పరిగెత్తినారే" అంది.

ఆట రోజు నాకు ముందుగా మొరాయించేది కడుపే. దానికి భాకరాపేట ఘాట్ మలుపులు తోడయ్యాయి. కిటికీలోంచి మొహానికి చల్లగాలి కొడుతుంటే కళ్లు మూసుకుని, కూర్చున్నవాళ్ల చుట్టూ తిరిగే రింగ్ ఎక్కడ తిప్పాలో, వాళ్ల మధ్యనుంచి మెలికలు తిరిగే చైన్ ఎక్కడ మార్చాలో మనసులోనే పరిగెత్తి చూసుకున్నాను. రంగంపేట దాటి, శ్రీనివాసమంగాపురం గుడి దగ్గరికి రాగానే అవ్వ దండం పెట్టింది. నేనూ పెట్టాను. నా కోరికల్లా ఒకటే: సార్ నన్ను రెండో బ్యాచ్‌లో వేయకూడదు.

ఎందుకంటే ఖోఖోలో రన్నింగ్ జట్టు, అంటే దొరక్కుండా పరిగెత్తే జట్టు, ముగ్గురేసి చొప్పున లోపలికి దిగుతుంది. మొదటి బ్యాచ్‌కు భయపడే తీరికుండదు. మూడో బ్యాచ్‌కు ఆట ఎటు పోతోందో కొంత తెలిసిపోతుంది. నడుమ ఇరుక్కునేది రెండో బ్యాచే. ముందువాళ్లు ఐదు నిమిషాలు నిలబడతారో, అర నిమిషానికే ముగ్గురూ వచ్చేస్తారో తెలీదు. మూడో మనిషి ఔటైన మరుక్షణం దిగాలి, ఆలస్యమైతే పరుగెత్తకుండానే ఔట్.

సార్ నన్ను రెండో బ్యాచ్‌లోనే వేశారు.

మ్యాచ్‌లు ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో. 1954లో పెట్టిన యూనివర్సిటీ కదా, లోపల చెట్ల నీడకు లోటు లేదు. తలెత్తితే ఎదురుగా శేషాచలం కొండలు, ఎండ పడి ఎర్రగా మెరిసే రాతి చరియలు. అందరూ కొండ ఎక్కడానికి వచ్చే ఊరికి కొండకేసి చూడ్డానిక్కూడా తీరిక లేకుండా వచ్చాం. రెండిడ్లీ తిని, మోకాళ్లకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, వార్మప్ మొదలుపెట్టాం. తడిసి గట్టిపడిన మట్టి, అప్పుడే గీసిన సున్నం గీతలు. వంగి ఒకసారి నేలను తాకితే గోళ్ల సందుల్లోకి తెల్లగా పొడి దూరింది. చెమట చేతులకు అదే మంచిది.

టాస్ ఓడిపోయాం. వాళ్లు ఛేజింగ్ తీసుకున్నారు, అంటే తరిమే వంతు వాళ్లది. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చున్నారు, తొమ్మిదో అమ్మాయి పోల్ దగ్గర నిలబడింది. విజిల్. గీత బయట కూర్చుని చూస్తుంటే నా గుండె చప్పుడు చెవుల్లోనే వినిపిస్తోంది. పక్కనున్న అమ్మాయి నా టీషర్టు అంచు పట్టుకుని నలిపేస్తోంది, తనకా సంగతే తెలీదు. మొదటి బ్యాచ్ రెండున్నర నిమిషాలు నిలబడింది. పోల్ దగ్గర ఎగిరి దూకి పట్టే పోల్ డైవ్‌కు మూడో అమ్మాయి దొరికిపోగానే "దిగండే!" అని సార్ అరుపు. అంతే, ఒక్క అడుగు లోపల పడగానే కడుపు, గుండె అన్నీ సర్దుకున్నాయి. వెనక నుంచి "ఖో" అని వినపడిన వైపు చూడకుండానే ఒళ్లు దానంతటదే మలుపు తిరుగుతుంది. ఈ సుఖం కోసమే ఆ కడుపునొప్పంతా భరిస్తాననుకుంటాను.

ఆ మ్యాచ్ గెలిచాం. మధ్యాహ్నం సెమీస్‌లో ఒక్క పాయింటుతో పోయింది. కప్పు కొడితే అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కుతానని మొక్కుకున్న మా కెప్టెన్‌కు మోకాళ్ల బాధ తప్పింది.

తిరుగు బస్సులో ఓటమి గురించి కాదు గొడవ, నా ఔట్ గురించి. నన్ను ఔట్ చేసిన అమ్మాయి ఖో పడకముందే లేచిందని నా వాదన, ఖో పడ్డాకే లేచిందని సగం జట్టు. "విజిల్ పడలా గదా, పడకుంటే ఫౌల్ కాదు" అని సార్ తేల్చేశారు. మాకు తేలలేదు. పీలేరులో టీకి ఆపితే ప్లాట్‌ఫామ్ మీదే ఇద్దర్ని కూర్చోబెట్టి ఆ క్షణాన్ని మళ్లీ ఆడి చూపించాం. జనం మూగారు. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ డ్రైవర్ రెండుసార్లు చూసి, "ముందే లేచేసింది మ్మా, ఫౌలే! ఇంక ఎక్కండి, టైమైంది" అన్నాడు.