అన్నం తినే ఇంట్లో గోధుమ వేట

మా పాపకి సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగుని దెబ్బతీసే జబ్బు) అని తేలేనాటికి దానికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. "గోధుమ, బార్లీ ఇక జీవితాంతం తగలకూడదమ్మా" అని డాక్టరుగారు అంటే, నిజం చెప్పొద్దూ, నాకు లోపల కాస్త తెరిపిగానే అనిపించింది. ఇంతేనా అనుకున్నాను. మాది గోదావరి జిల్లా. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. హైదరాబాద్ వచ్చాక రాత్రిపూట చపాతీలు అలవాటయ్యాయి, అవి మానేస్తే అయిపోతుంది కదా! మానేశాం. ఏడాది తిరిగినా పాప రక్తపరీక్ష బాగుపడలేదు.

అసలు జబ్బు పేరు తెలియడానికే రెండేళ్ళు పట్టింది. పాప పొట్ట ముందుకొచ్చి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. నులిపురుగులేమో అని మందు వేయించాం. రక్తం తక్కువ అని ఐరన్ సిరప్ తాగించాం. ఎంత తాగించినా హిమోగ్లోబిన్ 8 దాటేది కాదు. మొదట చూసిన ఇద్దరు డాక్టర్లూ సీలియాక్ మాటే ఎత్తలేదు. వాళ్ళని మరీ తప్పు పట్టను. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి 1.23 మందిలో ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిన కనిపించింది 0.10 మందిలోనే. అంటే వెయ్యికి ఒకరు. ఇక్కడి డాక్టర్లకి ముందుగా తట్టే జబ్బు కాదు. మూడో ఆయన ఈ జబ్బుని పట్టే టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. ఆ ల్యాబ్ లెక్క ప్రకారం 20 లోపు ఉండాలి. పాపకి 200 పైన వచ్చింది.

రిపోర్టు చేతికి రాగానే గోధుమ మాన్పించేద్దామని తొందరపడ్డాను. ఎండోస్కోపీ అయ్యేదాకా ఆగమన్నారు. ముందే మానేస్తే పేగు కోలుకోవడం మొదలవుతుంది, అప్పుడు బయాప్సీలో (పేగు ముక్క తీసి చూసే పరీక్షలో) సంగతి సరిగ్గా తేలకపోవచ్చట. అలా పది రోజుల పాటు, విషమని తెలిసీ, నా చేత్తో నేనే రోజూ బిస్కెట్లు తినిపించాను. ఇప్పుడు ఎవరైనా టెస్టుల మధ్యలో ఉంటే నేను చెప్పేది ఇదే: డాక్టరు చెప్పకుండా గోధుమ ఆపకండి.

తర్వాత చుట్టాలతో తంటా. మన ఇళ్ళల్లో గోధుమకి ఉన్నన్ని మారుపేర్లు ఇంక దేనికీ లేవేమో. "గోధుమ పెట్టలేదే, ఉప్మానే పెట్టాను" అంది మా పెద్దమ్మ. బొంబాయి రవ్వ గోధుమే అంటే నమ్మలేదు. సేమ్యా గోధుమ, మైదా గోధుమ, రవ్వ దోశలో రవ్వా మైదా రెండూ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యం. ఈ తేడా ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బలానికని పాలల్లో కలిపే పొడుల మీద మాల్ట్ అని ఉంటే అది చాలావరకు బార్లీ. మనం ఇంట్లో కాచుకునే రాగి జావని కూడా రాగి మాల్ట్ అనడంతో ఇంకో గందరగోళం. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే కదా అని తెచ్చాను, అందులోనూ రుచికి బార్లీ మాల్ట్. హోటల్లో గారె మినప్పప్పుదే, కానీ పూరీలు వేగిన మూకుడులోనే వేగుతుంది.

ఇవన్నీ మొదటి రెండు నెలల్లో నేర్చుకున్నాను. స్కూల్లో ఆడించే రంగురంగుల మెత్తటి ముద్దలు, ప్లే డో, గోధుమపిండితో చేస్తారని తెలిశాక టీచర్‌తో దాదాపు గొడవే పెట్టుకున్నాను. తర్వాత తెలిసిందేమంటే, అమెరికాలో పిల్లలతో ఇలాంటి ఆటలు ఆడించి చేతులకి గ్లూటెన్ ఎంత అంటుతుందో కొలిచారట. మైదా జిగురుతో కాగితాలు అంటించే పనిలో, ఉడికిన పాస్తాతో ఆడినప్పుడు బాగా అంటుకుంది. ప్లే డో నుంచి అంటింది తక్కువే. సబ్బుతో కడిగితే చాలావరకు పోయింది. నోట్లో పెట్టుకునే పిల్లల సంగతి వేరు గానీ, నా పోరాటం మాత్రం సగం దండగే. దొంగ ఇంట్లో ఉంటే నేను వీధిలో టార్చ్ వేసి వెతుకుతున్నాను.

ఆరు నెలలకి టీటీజీ 130 వచ్చింది. తగ్గుతోందని సంబరపడ్డాం. ఏడాదికి 118. డాక్టరుగారు రిపోర్టు బల్ల మీద పెట్టి, "ఎక్కడి నుంచో రోజూ కొంచెం కొంచెం వెళ్తోంది" అన్నారు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పుట్టినరోజు పార్టీల్లో కేకు ముట్టనివ్వకుండా, ఐస్‌క్రీమ్ కోన్‌లో కాకుండా కప్పులో ఇప్పించి, పిల్ల మొహం చూడలేక చూస్తూ, ఇంత చేస్తే మిగిలింది ఇదా?

డైటీషియన్ ఏమీ తిట్టలేదు. వారం రోజులు పాప నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాసి తెమ్మన్నారు. తెచ్చాను. ఆవిడ పెన్ను రాత్రి భోజనం దగ్గర ఆగింది. బియ్యప్పిండి రొట్టె, ఏడు రోజులూ. చపాతీ మానేశాక పాప రొట్టె కోసం పేచీ పెట్టేది, అందుకని అలవాటు చేశాను.

"ఈ పిండి ఎక్కడిది?"

"ఇంటి బియ్యమేనండీ. కడిగి ఆరబెట్టి మర పట్టిస్తాను. బయట పిండి అస్సలు కొనను." ఎంత గర్వంగా చెప్పానో.

"ఆ మరలో ఇంకేం ఆడతారు?"

నేను మాట్లాడలేదు.

మర్నాడు రెండు కిలోల బియ్యం తీసుకుని మా వీధి పిండి మరకి వెళ్ళాను (ఇక్కడ గిర్నీ అంటారు). నా ముందు ఒకాయన గోధుమలు పట్టించుకుని వెళ్ళాడు. మర అతను గుడ్డ సంచీని రెండుసార్లు దులిపి, నా బియ్యం పైన పోశాడు. ఏడాదిగా చూస్తున్న పనే, ఆ రోజు మొదటిసారి గొట్టం కిందికి వంగి చూశాను. ముందు దోసెడు పిండి బిస్కెట్ రంగులో పడింది. తర్వాత కొంచెం తేరుకుని మీగడ రంగు. ఆ తర్వాత తెలుపు. డబ్బా నిండాక అతను చేత్తో పైకీ కిందికీ కలిపి ఇచ్చాడు, అంతా ఒకటే తెలుపు. "రాళ్ళలో కొంచెం మిగులుతది మేడం, అందరికీ అంతే. గోధుమే కదా, బలం" అన్నాడు. అతనికేం తెలుసు పాపం.

ఇంటికొచ్చి లెక్క వేశాను. రెండు కిలోల పిండిలో నూటికి రెండు పాళ్ళే గోధుమ చేరిందనుకుందాం. పాప తినే రొట్టెలో 50 గ్రాముల పిండి, అందులో ఒక గ్రాము గోధుమపిండి. అంటే గ్లూటెన్ సుమారు 80 మిల్లీగ్రాములు. రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తిన్న పెద్దవాళ్ళ పేగే దెబ్బతిందని ఇటలీ వాళ్ళ అధ్యయనం 2007లో వచ్చింది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేసుకోవాలంటే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదు. నేను ప్రేమగా పట్టించిన పిండిలో కిలోకి 1,600 ఉండొచ్చు! బయట సరుకు నమ్మక ఇంటి సరుకు నమ్ముకున్నందుకు. ఆ మరలోనే రాగులు, జొన్నలు, శనగలు కూడా పట్టించాను.

ఆ రోజు నుంచి బియ్యం మిక్సీలో కొట్టి, కొత్త జల్లెడతో జల్లించడమే. పాత జల్లెడ కన్నాల్లో, చపాతీ పీట గీతల్లో ఏళ్ళ నాటి పిండి ఉంటుంది. ఆ రెండూ, అప్పడాల కర్రతో సహా, పైన అటక మీదకి వెళ్ళాయి.

అప్పుడు ఇంగువ సంగతి బయటపడింది. డైటీషియన్ చెప్పారని వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా చదువుతున్నాను. ఇంగువ డబ్బా నా బొటనవేలంత ఉంటుంది. దాని మీద అక్షరాలు ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడలేదు. తినే జిగురు, గోధుమపిండి, ఇంగువ. అసలు ఇంగువ ఘాటు భరించలేం గనక పిండీ జిగురూ కలిపే అమ్ముతారట. ముద్ద ఇంగువ అయితే స్వచ్ఛం అని మా అత్తయ్యగారి నమ్మకం. దాంట్లోనూ మైదా ఉంది. చిటికెడుతో గిన్నెడు చారులోకి వెళ్ళేది కొద్ది మిల్లీగ్రాములే, పిండి మరతో పోలిస్తే ఇది చిల్లర దొంగే. కానీ మా ఇంట్లో ఇంగువ పడని రోజు లేదు. చారు, పప్పు, పులిహోర, సాంబారు పొడి, మాగాయ పోపు.

అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఇంగువ లేని చారు చారేనా? ఇంగువ అరగడానికి మంచిది, దానికి కడుపు నొప్పి ఎందుకొస్తుంది?" అన్నారు. నాలుగు రోజులు మాటల్లేవు. ఆవిడ మొండితనం కాదది. ఏడాది పాటు తను వండి, మనవరాలికి తనే కలిపి పెట్టిన అన్నం. దాంట్లో తప్పుందని ఒప్పుకోవడం ఎంత కష్టమో రొట్టెల విషయంలో నాకు తెలియదా!

కార్తీక మాసంలో అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకున్నాం. ఆ ప్రసాదం చేసేదే గోధుమ నూకతో. ఆకు పొట్లం విప్పగానే నెయ్యి వాసనకి పాప చెయ్యి చాచింది. నా గుండె ఆగినంత పనయింది. స్వామి ప్రసాదం వద్దనడానికి నాకు నోరు రాలేదు, మా ఆయన పక్కకి చూస్తున్నారు. అత్తయ్యగారే పాప చేతిలో పొట్లం పెట్టి, "కళ్ళకద్దుకో తల్లీ, అంతే. తిన్నట్టే స్వామికి లెక్క" అని వెనక్కి తీసుకున్నారు. సంచీలోంచి తను ఇంట్లో చేసి తెచ్చిన బియ్యప్పిండి చలిమిడి ముద్ద తీసి పెట్టారు. అది మిక్సీలో కొట్టిన పిండే. నేను అడగలేదు, ఆవిడే చెప్పారు.

పిండి మర మానేసిన ఆరు నెలలకి టీటీజీ 41. ఆ తర్వాతి ఏడాది 14. మధ్యలో పాప రెండు సైజులు చెప్పులు మార్చింది.

అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు. ప్యాకెట్ మీద సరుకుల వివరం మాత్రం ఇంగ్లిష్‌లోనే, అదీ చీమ తలకాయంత. అందుకని వీట్ అన్న మాట ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దగా ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆవిడ దాన్ని పర్సులో పెట్టుకుని, బజారులో కళ్ళజోడు సర్దుకుంటూ డబ్బా పక్కన చీటీ పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూసేవారు. ఒకరోజు మూడు ఇంగువ డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టారు. "ఇందులో ఆ మాట లేదు, చూడు" అన్నారు. చూశాను. బియ్యప్పిండి కలిపిన ఇంగువ. ఆ పూట చారు వాసన కింది వాటా వాళ్ళ దాకా వెళ్ళింది.

చీటీ ఇంకా ఆవిడ పర్సులోనే ఉంది. దాని మీద ఇప్పుడు నాలుగు మాటలు: వీట్, బార్లీ, మాల్ట్, సెమోలినా (మన బొంబాయి రవ్వే). చివరిది ఆవిడే అడిగి రాయించుకున్నారు.