రంగూన్ బంధువులు, రాకపోకల నిబంధనలు

కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్ వెళ్లడానికి 1937కు ముందు పాస్‌పోర్టు అక్కరలేదు. బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలోనిదే కనుక, స్టీమరు టిక్కెట్టుకు డబ్బు సమకూరితే చాలు, మా శ్రీకాకుళం ప్రాంతపు కూలీలు బియ్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ పని చూసుకుని, కొన్నేళ్లుండి, ఇంట్లో పెళ్లికో పేరంటానికో తిరిగివచ్చి, మళ్లీ ఓడ ఎక్కేవారు.

1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. 1941 జూలైలో వెలువడిన భారత్-బర్మా వలస ఒప్పందం అనుమతి పత్రాలను తప్పనిసరి చేసి, కూలీ ఎంతకాలం ఉండవచ్చునో గడువు పెట్టింది. దాన్ని గాంధీజీ విమర్శించారు. అంతలోనే జపాను దాడి మొదలై, 1942లో లక్షల మంది కాలినడకన, అడవుల గుండా, చేతికందినదే మూటగట్టుకుని బయటపడ్డారు. ఆ నడకలో ప్రాణాలతోపాటు కాగితాలు కూడా పోయాయన్న సంగతి తరువాతి తరాలను ఎంతగా బాధించిందో ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

మా నానమ్మగారి అన్నగారు అక్కడే ఉండిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలను జాతీయం చేసి, సుమారు 3 లక్షల మంది భారతీయులు వెళ్లిపోయిన రోజుల్లో కూడా ఆయన కదలలేదు; కదిలితే తిరిగి రానివ్వరని భయం. ఇక్కడివారు వెళ్దామంటే పర్యాటక వీసా మొదట ఒక్కరోజుకే, తరువాత చాలాకాలం వారం రోజులకే. ఆయన ఉత్తరాల నిండా ప్రశ్నలే: చెరువుగట్టు మడి ఎవరు దున్నుతున్నారు, చెల్లెలి మోకాళ్ల నొప్పి తగ్గిందా, ఈ ఏడు జీడిమామిడి కాసిందా. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు చూడకుండానే పోయారు. ఓడ ప్రయాణం రోజులు పట్టిన కాలంలో సాధ్యమైన చూపు, విమానాలు వచ్చాక అసాధ్యం కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1982 పౌరసత్వ చట్టం పూర్తి పౌరసత్వానికి 1823కు ముందునాటి మూలాలను అడిగింది. మనవాళ్లలో చాలామంది చేతిలో విదేశీయుల నమోదు పత్రమే మిగిలింది. 2014లో ఈ-వీసా వచ్చాక మనం వెళ్లడం తేలికైంది గానీ, పాస్‌పోర్టు లేనివారు ఇటు రాలేరు. మన ప్రభుత్వం 2005 నుంచి ఇస్తున్న ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే గుర్తింపు) కూడా పాస్‌పోర్టుతోపాటు పూర్వీకులు భారతీయులేనన్న రుజువు కావాలి.

ఆ తాతగారి మనవడికి ఈమధ్యే పాస్‌పోర్టు దొరికింది. అతని ముత్తాత పేరున్న పాత భూమి రికార్డు నకలు కోసం నేను దరఖాస్తు పెట్టాను. పన్ను రసీదులు, ఊరి రికార్డులు కూడా రుజువులుగా అంగీకరిస్తే ఇలాంటి కుటుంబాలు ఎన్నో మళ్లీ కలుస్తాయి.