పీఎస్‌ఐఆర్ ఆప్షనల్: నిరంకుశత్వం దగ్గర మొదలుపెట్టి చదివిన రాజనీతి తత్త్వం

సివిల్స్ తుది ఫలితాలు వచ్చినప్పటి నుంచి పీఎస్‌ఐఆర్ (రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ ఎలా చదివానని చాలామంది మిత్రులు అడుగుతున్నారు. సిలబస్, ప్రశ్నల తీరు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. పేపర్-1లో పాశ్చాత్య రాజనీతి తత్త్వం నాకు ఎక్కడ పట్టుబడిందో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతా భాగమంతా ఆ తర్వాతే తేలికైంది.

మనలో ఎక్కువమందికి అరిస్టాటిల్ అంటే ఆరు గళ్ల పట్టిక. రాచరికం చెడితే నిరంకుశత్వం, కులీనపాలన చెడితే అల్పజనపాలన, పాలిటీ (అందరి మేలు కోసం చాలామంది కలిసి పాలించడం) చెడితే ప్రజాస్వామ్యం అని రాసి ముందుకు వెళ్లిపోతాం. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని ‘పాలిటిక్స్’ ఐదో భాగం పదకొండో అధ్యాయం చదివినప్పుడు నాకు ఆ పట్టికలోని ఒక్క గడి పూర్తిగా తెరుచుకుంది. నిరంకుశుడు అధికారాన్ని ఎలా నిలుపుకుంటాడో అక్కడ వరుసగా ఉంది: పేరున్నవారిని తొలగిస్తాడు, సహపంక్తి భోజనాలను, సంఘాలను, విద్యాగోష్ఠులను ఆపిస్తాడు, వేగులను పెడతాడు, తనకు ఎదురుతిరిగే తీరిక దొరక్కుండా జనాన్ని పెద్ద పెద్ద నిర్మాణాల్లోనూ యుద్ధాల్లోనూ ముంచెత్తుతాడు. ఈజిప్టు పిరమిడ్లు అరిస్టాటిల్ స్వయంగా ఇచ్చిన ఉదాహరణ. ఈ పనులన్నిటినీ ఆయన మూడు లక్ష్యాల కిందికి తెస్తాడు: ప్రజల మనసు కుంచించుకుపోవాలి, ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉండకూడదు, ఏదైనా చేయగల శక్తి మిగలకూడదు. సలహా కోసం థ్రాసిబ్యులస్ అనే నిరంకుశుడు పంపిన దూతతో మరో నిరంకుశుడు పెరియాండర్ ఒక్క మాటైనా మాట్లాడకుండా, పేరున్నవారిని తొలగించమనే సూచనగా చేలో ఏపుగా పెరిగిన వెన్నులను తుంచి చేనంతా ఒక ఎత్తుకు తెచ్చిన కథ మూడో భాగంలోనే వస్తుంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాక, ప్రభుత్వం, సమాజం, సద్గుణం అనే మూడు వేర్వేరు టాపిక్కులు నాకు ఒకే ప్రశ్నగా కనిపించాయి. పరస్పరం హాని చేసుకోకపోవడం, సరుకులు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రమే ఉంటే అది రాజ్యం కాదని, మంచి జీవితం కోసమే రాజ్యం ఉందని మూడో భాగం తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. నిరంకుశుడు మొదట దెబ్బకొట్టేది సరిగ్గా ఆ మంచి జీవితానికి ఆధారమైన స్నేహాన్నీ విశ్వాసాన్నీ.

ఆ దారిలోనే ప్లేటోకు వెళితే, ‘రిపబ్లిక్’ ఎనిమిది, తొమ్మిది భాగాల్లో నిరంకుశుడే తన కోరికలకు బానిస. అతనికంటే ధర్మాత్ముడైన రాజు 729 రెట్లు సుఖంగా ఉంటాడని ప్లేటో లెక్క కూడా కడతాడు. సిలబస్‌లో లేకపోయినా ఫ్రెంచ్ తత్త్వవేత్త మాంటెస్క్యూను వదలకండి. 1748లో వచ్చిన ఆయన గ్రంథం గణతంత్రాన్ని నడిపించేది సద్గుణమని, రాచరికాన్ని గౌరవకాంక్ష అని, నిరంకుశత్వాన్ని భయమని చెప్పింది. 1951 నాటి హన్నా ఆరెంట్ గ్రంథంలో, నిరంకుశత్వం మనుషులను ప్రజాజీవితం నుంచి విడదీస్తే సంపూర్ణాధికారవాదం (టోటలిటేరియనిజం) వారి అంతరంగంలో కూడా ఒంటరితనాన్ని నింపుతుంది. ఇక సిలబస్‌లోని మిగతా తత్త్వవేత్తలైన హాబ్స్, లాక్, మిల్, గ్రాంసీలను ఇదే ప్రశ్నతో చదివితే చాలా తక్కువ సమయం పడుతుంది.

మూలగ్రంథాలు పట్టుకోవడం వృథా ప్రయాస అని నాకు చెప్పినవారు చాలామంది. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. గ్రంథమంతా చదవమని నేనూ అనడం లేదు. ఎంచుకున్న నాలుగైదు అధ్యాయాలను మళ్లీ మళ్లీ చదివినవారి సమాధానం, నోట్స్ బట్టీపట్టినవారి సమాధానం మొదటి పేరాలోనే వేరుపడతాయి.

అదే పదకొండో అధ్యాయం చివర మరో మార్గం కూడా ఉంది. రాజులా నడుచుకునే నిరంకుశుడు సగమైనా మంచివాడవుతాడని అరిస్టాటిల్ అంటాడు. పాలకుడికి సద్గుణం ఉన్నట్టు కనిపిస్తే చాలన్న మాకియవెల్లితో పోల్చడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, ఎందుకంటే అరిస్టాటిల్ దృష్టిలో అలవాటే శీలాన్ని మలుస్తుంది. క్రమశిక్షణ గురించి నన్ను అడిగేవారికి కూడా నా జవాబు ఇదే: ఉత్సాహం వచ్చాక చదువుదామని ఆగకండి, వేళకు కూర్చోండి, ఉత్సాహం ఆ కూర్చోవడంలోంచే పుడుతుంది.

అంబేద్కర్‌పై ప్రశ్న వస్తే 1949 నవంబరు 25 నాటి రాజ్యాంగ సభ ప్రసంగాన్ని తప్పక వాడండి. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా స్వేచ్ఛను పెట్టకూడదన్న మిల్ హెచ్చరికను గుర్తుచేసి, రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికే దారితీస్తుందని ఆయన చెప్పింది అందులోనే. మెయిన్స్‌కు వెళ్లేవారు టెస్ట్ సిరీస్ మొదలయ్యేలోపే ఆ ప్రసంగాన్ని, పైన చెప్పిన అధ్యాయాలను పూర్తిచేసుకోండి. ఆ తర్వాత పేపర్-2 మీకు అంత తీరిక ఇవ్వదు.