పది చువ్వల్లో ఏడు

ఆదివారం, రాత్రి పదిన్నర

రెండుసార్లు సబ్బుతో తోముకున్నా నా చేతులకు ఉల్లిపాయ వాసన వదలలేదు. ఈ రోజు మొదటిసారిగా మా పెరట్లో ఇరానీ పద్ధతిలో, చువ్వలకు ఖీమా పట్టించి, కూబిదే కబాబులు కాల్చాను. పది చువ్వల్లో మూడింటి మాంసం నిప్పుల పాలైంది, ఏడు పళ్ళెంలోకి వచ్చాయి. 1979 విప్లవం తరువాత ఇరాన్ విడిచి వచ్చినవారు లాస్ ఏంజిలెస్‌లో ఎంతమంది స్థిరపడ్డారంటే, వాళ్ళ దుకాణాలు, హోటళ్ళు బారులు తీరిన వెస్ట్‌వుడ్ ప్రాంతాన్ని జనం సరదాగా టెహ్రాన్‌జెలిస్ అంటారు. అక్కడి హోటళ్ళలో ఈ కబాబును ఎన్నిసార్లు తిన్నానో నాకే గుర్తులేదు కాని, ఇంట్లో చేసే సాహసం ఇంతకాలం చేయలేదు.

చువ్వలు పక్కింటి ఇరానీ పెద్దావిడ అరువిచ్చారు. అవి సన్నని ఊచలు కావు, అంగుళం వెడల్పున కత్తిలా చదునుగా ఉండే ఇనుప బద్దలు. గుండ్రటి ఊచకు ఖీమా పట్టిస్తే, తిప్పినప్పుడు ఊచ ఒక్కటే తిరిగి ముద్ద ఉన్నచోటనే ఉండిపోతుందట. ఆవిడ చెప్పిన దినుసులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: అయిదో వంతు కొవ్వు ఉండేలా ఆడించిన కిలో పొట్టేలు మాంసం, రెండు ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాల పొడి. ముద్దను పట్టి ఉంచడానికి గుడ్డు గాని, శనగపిండి గాని వేయకూడదని మరీ మరీ చెప్పారు.

నెల కిందట ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తగారికి ఈ జాబితా ఏమాత్రం నచ్చలేదు. "అల్లం వెల్లుల్లి లేకుండానా బాబూ? నీచు వాసన రాదూ?" అంటూ గరం మసాలా డబ్బా తెచ్చి నా ఎదుట పెట్టారు. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా ఒకసారి ఆ డబ్బా దాకా వెళ్ళి వచ్చింది.

ఉల్లిపాయలను సన్నగా కోరి, పలుచని గుడ్డలో మూటకట్టి, చుక్క నీరు లేకుండా పిండాలి. రుచంతా ఆ రసంలోనే ఉంటుందన్న నా సొంత తెలివితో నేను పైపైన పిండి ఊరుకున్నాను. "ఇంకా నీరుందేమో, గట్టిగా పిండండి" అని అత్తగారు అన్నా వినిపించుకోలేదు. ఉప్పు వేసి మాంసాన్ని బాగా పిసికితే అందులోని మాంసకృత్తులు పైకి తేలి జిగురుగా మారతాయి, ఆ జిగురే ముద్దను చువ్వకు అంటిపెట్టి ఉంచుతుంది. నేను పిసికింది నాలుగు నిమిషాలు కూడా ఉండదు.

పెరట్లో రెండు వరసలు ఇటుకలు పేర్చి, నడుమ బొగ్గులు రాజేశాను. కూబిదేకు కింద జల్లెడ ఉండకూడదు. చువ్వ రెండు కొనలూ ఇటుకల మీద ఆనాలి, మాంసం నిప్పుల మీద గాలిలో ఉండాలి. పెట్టిన కొద్ది క్షణాలకే రెండో వైపుకు తిప్పితే రెండు పక్కలా మాంసం గట్టిపడుతుంది. ఒక వైపు ఎర్రగా కాలేదాకా ఆగుదామని నేను అట్టముక్కతో తీరిగ్గా విసురుతూ నిలబడ్డాను. తిప్పబోయేసరికి మూడు చువ్వల మాంసమూ ముక్కలై నిప్పుల్లో పడింది, కొవ్వు భగ్గుమని మండింది.

అత్తగారు ఏమీ అనలేదు. మిగిలిన ముద్దను గుడ్డలో వేసి అదిమి, ఊరిన నీరు పారబోసి, బేసిన్‌లో వేసి పది నిమిషాల పాటు ఎత్తెత్తి కొడుతూ పిసికారు. ఫార్సీలో కూబిదే అంటే దంచినది అనే అర్థమట. మరలు లేని రోజుల్లో మాంసాన్ని చదునైన రాతి మీద కొయ్య సుత్తితో దంచేవారట. ఆ మాట చెబితే "మరి రోలు తెమ్మంటే తెచ్చేదాన్నిగా" అన్నారు. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, కొవ్వు గట్టిపడ్డాక తడిచేత్తో చువ్వలకు పట్టించి, వేళ్ళతో వరసగా నొక్కులు పెట్టాను. ఈసారి ఒక్కటి కూడా జారలేదు.

అన్నం గురించి రాయడానికి ఏమీ లేదు, అడుగున బంగారు రంగులో రావలసిన తహదీగ్ అనే అన్నం పొర నల్లగా మాడింది. కాల్చిన టొమాటోలు, పచ్చి ఉల్లిపాయ, వేడి అన్నం మీద వెన్న ముద్ద, అన్నిటి పైనా సుమాక్ అనే ఎర్రటి పుల్లని పొడి వేసుకున్నాము. ఆ పొడిని నాలుకకు రాసుకుని చూసి, ఎండబెట్టిన చింతచిగురులా ఉందని అత్తగారు అన్నారు. తరువాత నీచు వాసన ప్రస్తావన రాలేదు. ఆవిడ రెండు కబాబులు తిన్నారు.

చీకటి పడ్డాక కడిగిన చువ్వలతో పాటు రెండు కబాబులను లవాష్ రొట్టెలో చుట్టి పక్కింటికి తీసుకువెళ్ళాము. పెద్దావిడ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, తల ఊపి, పిడికిలి బిగించి గాలిలో ఉల్లిపాయను పిండి చూపించారు. ఫార్సీ ముక్క రాని మా అత్తగారు వెంటనే నా వైపు తిరిగారు.