షెఫీల్డ్ నుంచి ఐబ్రాక్స్ దాకా

మాంచెస్టర్‌లో రైలెక్కితే షెఫీల్డ్ దాదాపు గంట ప్రయాణం. పీక్ డిస్ట్రిక్ట్ కొండలు, రాతి గోడల మధ్య గొర్రెలు, పొడవాటి సొరంగం, అది దాటిన కాసేపటికి ఊరు. ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళం సెలవు దొరికితే లేక్ డిస్ట్రిక్ట్‌కో ఎడిన్‌బరో కోటకో పోతాం. షెఫీల్డ్‌కి పనిగట్టుకుని వెళ్ళేది పిల్లల్ని యూనివర్సిటీలో దింపడానికే. నేను వెళ్ళింది సింథసైజర్ కోసం, అదే, కరెంటుతో స్వరాలు పుట్టించే పెట్టె.

1976-77లో వచ్చిన పంక్ అనే మొరటు రాక్ సంగీతం ఇక్కడి కుర్రాళ్ళకి ఒక ధైర్యం ఇచ్చింది. సంగీతం నేర్చుకోకపోయినా బ్యాండ్ పెట్టొచ్చని. గిటార్‌కి మూడు కార్డ్‌లైనా (కలిపి మీటే స్వరాల గుంపులు) రావాలి, సింథసైజర్‌కి అదీ అక్కర్లేదనుకుని కొందరు ఆ పెట్టెలు కొన్నారు. వాటితో అంతకుముందు ఎవరూ వినని చప్పుళ్ళు చేశారు. ఏడెనిమిదేళ్ళు తిరిగేసరికి ఆ తరంలో కొందరు స్టేడియాల్లో వేలమందిచేత చేతులూపిస్తున్నారు. "డబ్బుకి అమ్ముడుపోయారు" అని పాత అభిమానులు తేల్చేస్తారు. నాకు ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. డబ్బు ఎవరికి చేదు? కానీ డబ్బు కోసమే అయితే సంగీతం ఫలానా విధంగానే ఎందుకు మారాలి? అది చూద్దామనే షెఫీల్డ్‌లో మొదలుపెట్టి గ్లాస్గోలో తేలాను.

షెఫీల్డ్ స్టేషన్ బయట మెరిసే స్టీలు గోడ మీంచి నీళ్ళు జారుతుంటాయి. కాస్త నడిస్తే నాలుగు పెద్ద స్టీలు డ్రమ్ముల్లాంటి భవనం. 1999లో దాన్ని 'నేషనల్ సెంటర్ ఫర్ పాపులర్ మ్యూజిక్' పేరుతో తెరిచారు. అనుకున్నంత జనం రాక మరుసటి ఏడే మూసేశారు. ఇప్పుడది షెఫీల్డ్ హాలం యూనివర్సిటీ విద్యార్థి సంఘానిది. పాప్‌కి మ్యూజియం కడితే నడవలేదు, పిల్లలు బీరు తాగి పాటలు పెట్టుకునే చోటైతే నడుస్తోంది. ఇందులో నాకేమీ ఆశ్చర్యం లేదు.

అసలు చూడాల్సింది కెల్హమ్ ఐలండ్ మ్యూజియం. అక్కడ రివర్ డాన్ ఇంజిన్ అని ఒక రాక్షసి ఉంది. 1905లో తయారైన మూడు సిలిండర్ల ఆవిరి ఇంజిన్, 12,000 హార్స్‌పవర్. యుద్ధనౌకలకి కవచంగా వేసే మందపాటి స్టీలు పలకల్ని సాగదీయడానికి వాడేవారు. ఇప్పటికీ కొన్ని రోజుల్లో ఆవిరి పెట్టి నడిపి చూపిస్తారు. ముందు కొద్దిగా బుసకొట్టింది. తర్వాత నెమ్మదిగా కదిలి ఊపందుకుంది. కాళ్ళ కింద నేల అదురుతోంది. చూస్తూ ఉండగానే రెండు సెకన్లలో ఆగి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. పక్కనున్న చిన్నపిల్ల చెవులు మూసుకుంది, వాళ్ళ తాతయ్య మాత్రం కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఈ ఊరి సంగీతకారులు చాలామంది, రాత్రిపూట లోయలోంచి వినిపించే ఫోర్జింగ్ సుత్తుల దెబ్బలు వింటూ పెరిగామని చెబుతారు. ఇలాంటి మాటలు కొంత కథలు కట్టినట్టే ఉంటాయి గానీ, ఆ ఇంజిన్ ముందు నిలబడ్డాక నమ్మబుద్ధేసింది.

ఈ ఇంజిన్ పనిలోంచి విరమించింది 1978లో. అదే ఏడాది ఇదే ఊళ్ళో హ్యూమన్ లీగ్ అనే బ్యాండ్ మొదటి సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) 'బీయింగ్ బాయిల్డ్' వచ్చింది. మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ కంప్యూటర్ ఆపరేటర్లు. పాడే ఫిల్ ఓకీ ఆసుపత్రిలో పోర్టర్. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. పాడుబడ్డ ఫ్యాక్టరీ గదిలో టేపురికార్డర్ పెట్టుకుని చేసిన పాట. దేని గురించి అంటారా? పట్టుపురుగుల్ని ఉడకబెట్టడం గురించి! పట్టు పెంపకం మానమని బుద్ధుడు చెబుతున్నాడంటూ సాగుతుంది. అందులో బౌద్ధాన్నీ హిందూ మతాన్నీ కలగాపులగం చేశానని తర్వాత ఓకీయే ఒప్పుకున్నాడు. పురుగును చంపకుండా దారం తీసే అహింసా పట్టుకి మన హైదరాబాద్ కుసుమ రాజయ్య పేటెంట్ తీసుకున్నారు. ఆ సంగతి ఓకీకి ఎవరైనా చెప్పారో లేదో.

రెండు ఆల్బమ్‌ల తర్వాత, 1980లో బ్యాండ్ చీలింది. యంత్రాలు తెలిసిన ఇద్దరూ బయటికెళ్ళి హెవెన్ 17 మొదలుపెట్టారు. పేరు మిగిలిన ఓకీ, హై స్ట్రీట్‌లోని క్రేజీ డైసీ నైట్‌క్లబ్‌లో డాన్స్ చేస్తున్న ఇద్దరు స్కూలు పిల్లల్ని, జోయెన్ కాథరాల్‌నీ సూజన్ ఆన్ సల్లీనీ, బ్యాండ్‌లోకి తీసుకున్నాడు. మరుసటి ఏడు 'డేర్' ఆల్బమ్, 'డోంట్ యూ వాంట్ మీ' పాట. అది సింగిల్‌గా వద్దని ఓకీ మొత్తుకున్నా కంపెనీ వినలేదు. 1981 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో నంబర్ వన్, 1982లో అమెరికాలో నంబర్ వన్. ఆ క్లబ్ ఇప్పుడు లేదు. అది ఉన్న మూల దగ్గర నిలబడితే బస్సులూ ట్రాములూ తప్ప కనిపించేదేమీ లేదు. రెండు నిమిషాలు చూసి కదిలాను.

హ్యూమన్ లీగ్ పాప్ అయింది గానీ స్టేడియం బ్యాండ్ కాలేదు. ఆ మార్పు పూర్తిగా చూడాలంటే గ్లాస్గో వెళ్ళాలి, సింపుల్ మైండ్స్ అనే బ్యాండ్ ఊరికి.

షెఫీల్డ్ నుంచి ఉత్తరానికి వెళ్ళే రైలు యార్క్, న్యూకాజిల్ మీదుగా పోతుంది. బెరిక్ దగ్గర సముద్రం పట్టాల పక్కకి వచ్చేస్తుంది. అక్కడ సింపుల్ మైండ్స్ ఆల్బమ్ 'ఎంపైర్స్ అండ్ డాన్స్' పెట్టుకున్నాను. 1980లో వచ్చింది. మొదటి పాట పేరే 'ఐ ట్రావెల్'. యూరప్ అంతా వ్యాన్‌లో తిరిగిన కుర్రాళ్ళు చేసిన రికార్డు. సరిహద్దులు, స్టేషన్లు, అనుమానపు చూపులు. డెరెక్ ఫోర్బ్స్ బేస్ గిటార్ ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంది. చార్లీ బర్చిల్ గిటార్ గిటార్‌లా వినిపించదు. మిక్ మెక్‌నీల్ కీబోర్డ్ సందులన్నీ నింపుతుంది. జిమ్ కెర్ పాడుతున్నాడా, గోడ మీద నోటీసులు చదువుతున్నాడా తెలియదు. నాకు ఈ బ్యాండ్ పరిచయమైంది విశాఖలో. షిప్పులో ఇంజినీరుగా చేసే మామయ్య తెచ్చిన 'న్యూ గోల్డ్ డ్రీమ్' క్యాసెట్‌తో. అది 1982 రికార్డు. అందులో ఒక పాటలో జాజ్ దిగ్గజం హెర్బీ హాంకాక్ అంతటివాడు కీబోర్డ్ సోలో వాయించాడని చాలా ఏళ్ళకి తెలిసింది.

గ్లాస్గోలో మా పెద్దమ్మ కొడుకు డాక్టరు. స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్ళాడు.

"ఏరా, స్కాట్లండ్ వచ్చి కోటలూ కొండలూ వదిలేసి, పాత రేవు చూస్తానంటావేంటి?"

"కోట ఎక్కడికీ పోదులే అన్నయ్యా."

"రేవు మాత్రం ఎక్కడికి పోతుంది? ఆల్రెడీ పోయింది!"

నిజమే. క్లైడ్ నది ఒడ్డున ఫినిస్టన్ క్రేన్ ఒక్కటి మిగిలింది. 175 టన్నులు ఎత్తగలిగేలా 1930ల మొదట్లో కట్టారు. స్ప్రింగ్‌బర్న్‌లో తయారైన ఆవిరి రైలింజిన్లని దీంతోనే ఓడల్లోకి ఎక్కించేవారు. ఆ పేటలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ ఇంజిన్లు మన రైల్వేలోనూ బోలెడు నడిచాయి. ఇప్పుడు క్రేన్ కదలదు, దాని కింద సైకిళ్ళు తొక్కుకుంటున్నారు. పక్కనే ఉండే క్వీన్స్ డాక్‌ని పూడ్చేసి 1985లో పెద్ద ఎగ్జిబిషన్ సెంటర్ తెరిచారు, 2013లో దాని పక్కన హైడ్రో అనే కచేరీ అరీనా వెలిసింది. ఓడల చోట కచేరీలు! షిప్‌యార్డ్ సైరన్ వింటూ గాజువాకలో పెరిగినవాణ్ణి, అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడిపోయాను.

మూతపడిన యార్డుల పక్కన ఈ ఒడ్డునే నడుస్తుంటే కెర్‌కి తట్టిన పాట 'వాటర్‌ఫ్రంట్'. నా దృష్టిలో అసలు మలుపు అదే. చాలామంది తప్పంతా 1985 నాటి 'డోంట్ యూ (ఫర్గెట్ ఎబౌట్ మీ)' మీద వేస్తారు. కీత్ ఫోర్సీ, స్టీవ్ షిఫ్ రాసిన పాట, అమెరికన్ సినిమా కోసం. బ్యాండ్ మొదట వద్దంది, తర్వాత చేసింది, అది అమెరికాలో నంబర్ వన్ అయింది. అయినా తర్వాతి ఆల్బమ్‌లో పెట్టుకోలేదు. కానీ రెండేళ్ళ ముందే దారి మారిపోయింది. 1983 ఆగస్టులో డబ్లిన్ ఫీనిక్స్ పార్క్ రేస్‌కోర్స్‌లో ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ కచేరీకి ముందు వీళ్ళు వాయించారు. 'వాటర్‌ఫ్రంట్' మొదటిసారి వినిపించింది అక్కడే, ఆరుబయట, పెద్ద జనం ముందు. తర్వాత ఆ పాట ఉన్న ఆల్బమ్ 'స్పార్కిల్ ఇన్ ద రెయిన్'కి యూటూ రికార్డులు చేసిన స్టీవ్ లిల్లీవైట్‌నే తెచ్చుకున్నారు. ఆ పాటలో బేస్ మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే స్వరం. దాని మీద మెల్ గేనర్ డ్రమ్స్ గూబ గుయ్యిమనిపిస్తాయి.

ఎందుకు ఒకే స్వరం? లెక్క వేసి చూడండి. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజికి వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట సెకనులో మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. గోడకి కొట్టుకుని వెనక్కొచ్చేది ఇంకా ఆలస్యం. నిమిషానికి 130 బీట్ల పాటలో సీక్వెన్సర్ (స్వరాల్ని వరసగా తనంతట తానే వాయించే యంత్రం) వాయించే చిన్న స్వరాల మధ్య ఎడం సెకనులో పదో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. అంటే స్టేడియంలో ఒక స్వరం తిరిగొచ్చేలోపు ఇంకో ఐదారు వచ్చి మీద పడతాయి. మన ఊళ్ళో రెండు గుళ్ళ మైకులు ఒకేసారి మోగినట్టే. చిన్న హాల్లో 'ఐ ట్రావెల్' కత్తిలా దిగుతుంది, మైదానంలో పెడితే ముద్దవుతుంది. నెమ్మదిగా సాగే పెద్ద డ్రమ్మూ, జనం కలిసి పాడగలిగే నాలుగు అక్షరాలూ మాత్రం చివరి వరసదాకా చేరతాయి. నా లెక్కలో సంగీతాన్ని మార్చింది గది.

దీనికి అడ్డం తిరిగే సాక్ష్యం కూడా ఉంది, దాచను. ఇంగ్లండ్‌లోని బాసిల్డన్ కుర్రాళ్ళ సింథసైజర్ బ్యాండ్ డిపెష్ మోడ్ వాళ్ళు 1988 జూన్ 18న కాలిఫోర్నియా పాసడీనాలోని రోజ్ బౌల్‌ని నింపారు. 60 వేలకు పైగా జనం. స్టేజి మీద డ్రమ్మర్ లేడు, దాదాపు అంతా కీబోర్డులూ, ముందే రికార్డు చేసిన టేపూ. అంటే స్టేడియంకి వెళ్ళినంత మాత్రాన రాక్ బ్యాండ్ అయిపోవాలని రూలేమీ లేదు. అయితే వాళ్ళూ వేగం తగ్గించారు, పాటలు బరువెక్కించారు.

మర్నాడు టోరీగ్లెన్ వెళ్ళాను. ఊరికి దక్షిణాన ఉన్న కార్మికుల కాలనీ. కెర్, బర్చిల్ పెరిగింది ఇక్కడే, ఎనిమిదేళ్ళ వయసునుంచి స్నేహం. మామూలు ఇళ్ళు, బస్టాపు, సూపర్‌మార్కెట్. కూతవేటు దూరంలో హాంప్‌డెన్ పార్క్ స్టేడియం. 1937లో స్కాట్లండ్–ఇంగ్లండ్ మ్యాచ్‌కి 1,49,415 మంది వచ్చిన చోటు. స్టేడియం గోల వీళ్ళకి ఎక్కణ్ణుంచో వచ్చి అంటుకుందనుకుంటాం, అది పెరటి గోడ అవతలే ఉంది.

సాయంత్రం బారోలాండ్. గాలోగేట్ రోడ్డు మీద, బారాస్ సంత పక్కన. సంతని పెంచి పెద్దచేసిన మ్యాగీ మెకైవర్ 1934లో కట్టించిన డాన్స్ హాలు. 1958లో కాలిపోతే 1960లో మళ్ళీ తెరిచారు. ముఖద్వారం పైన నక్షత్రాలతో నియాన్ బోర్డు, వెలిగితే వీధంతా రంగే. తర్వాత హాలు కళ తప్పి ఉన్న రోజుల్లో, 1983 నవంబర్‌లో, సింపుల్ మైండ్స్ 'వాటర్‌ఫ్రంట్' వీడియో తీయడానికి దీన్ని ఎంచుకుంది. ఆ తర్వాతే ఇది కచేరీల హాలుగా నిలదొక్కుకుంది. పక్క పార్కులో జిమ్ లాంబీ అనే కళాకారుడు 2014లో వేసిన కాలిబాట ఉంది. షెల్ఫ్‌లో ఎల్‌పీ రికార్డుల అంచులు కనిపించినట్టు రంగురంగుల సన్నని చారలు, ఒక్కో దాని మీద ఒక బ్యాండ్ పేరు, ఇక్కడ వాయించిన తేదీ. వంగి చదువుకుంటూ నడిచాను. సింపుల్ మైండ్స్ చార దొరికింది, దాని మీద ఎవరో చూయింగ్ గమ్ అంటించి వెళ్ళారు.

లోపల ఆ రాత్రి ఒక స్థానిక గిటార్ బ్యాండ్. పాటలు గొప్పగా లేవు. నేను వెళ్ళింది నేల కోసం. డాన్స్ కోసం వేసిన చెక్క ఫ్లోర్, కింద స్ప్రింగ్ ఉంది. డ్రమ్ మొదలై జనం ఎగరగానే నేలే మనల్ని పైకి తోస్తుంది, వద్దనుకుని నిలబడ్డా మోకాళ్ళు ఊరుకోవు. చెప్పులకి బీరు జిగురు. పట్టేది రెండు వేలలోపే. గాయకుడి చెమట కనిపించేంత దగ్గర. 'వాటర్‌ఫ్రంట్' లాంటి పాటకి ఇదే సరైన కొలత అనిపించింది. ఒంటి స్వరం ఈ నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతుంది. దాన్ని ఇక్కడ పుట్టించి, ఇంతకు ముప్పై రెట్ల గదుల్లోకి లాక్కెళ్ళారు.

అలా వెళ్ళిన గదుల్లో ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది. సబ్‌వే ఎక్కి ఐబ్రాక్స్‌లో దిగాను. రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం, ఆర్చిబాల్డ్ లీచ్ గీసిన ఎర్ర ఇటుకల మెయిన్ స్టాండ్ చూడముచ్చటగా ఉంటుంది. 1986లో సింపుల్ మైండ్స్ ఇక్కడ వాయించింది. అప్పటికి ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ అనే పెద్ద విరాళాల కచేరీ అయిపోయింది, ఫోర్బ్స్ బయటికెళ్ళిపోయాడు. తమాషా ఏమిటంటే జిమ్ కెర్, రేంజర్స్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన సెల్టిక్ క్లబ్‌కి వీరాభిమాని. ఈ ఊళ్ళో సెల్టిక్‌వాడు రేంజర్స్ గడ్డ మీద కాలు పెట్టి, స్టాండ్స్ అన్నిటిచేతా ఒకే రాగం పాడించడం మాటలు కాదు. 1980 రికార్డుతో అది అయ్యే పని కాదని ఆ గేటు ముందు ఒప్పుకోక తప్పలేదు. అయినా ఇంటికొచ్చి నేను వినేది 1980 రికార్డే.

ఆదివారం అన్నయ్య, వదిన, పిల్లలతో కార్లో లాక్ లోమండ్ సరస్సుకి బయల్దేరాం. దార్లో ఏం పెట్టాలన్నది తగువు. నేను 1981 నాటి 'థీమ్ ఫర్ గ్రేట్ సిటీస్' అన్నాను. మాటల్లేని పాట, పూర్తిగా సంగీతమే.

"మాటల్లేకపోతే పిల్లలు ఏం పాడతార్రా?" అని అన్నయ్య 'డోంట్ యూ' పెట్టేశాడు. చివర్లో కెర్ అప్పటికప్పుడు అల్లిన లాలాలా రాగానే వెనక సీట్లో ఇద్దరూ గొంతు చించుకున్నారు, పులిహోర డబ్బా పట్టుకుని వదిన కూడా. మళ్ళీ అదే, మళ్ళీ అదే. నా వంతు వచ్చేసరికి సరస్సు ఒడ్డున ఉన్న బాలోక్ ఊరు వచ్చేసింది, పార్కింగ్ కోసం వెతుక్కుంటున్నాం.