పీఠాధిపతులు పిలిచే పేరు

టెక్సస్‌లో ఉంటున్న మా అక్క కూతురికి వచ్చే నెల భద్రమైన అభ్యంగనం, అంటే జ్ఞానస్నానం పొందిన కథోలికుల్ని తైలంతో విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం (కన్ఫర్మేషన్). దాని జ్ఞానతల్లిని (గాడ్‌మదర్‌ని) నేనే కాబట్టి ఫోన్ నాకొచ్చింది. అక్కడి గుడిలో ప్రతి పిల్లా ఒక పునీతుణ్ణో పునీతురాలినో (సెయింట్‌ని) ఎంచుకుని, ఎందుకో ఒక పేజీ రాసివ్వాలట. మన విచారణల్లో, అంటే ఇక్కడి చర్చిల్లో, ఈ అలవాటు తక్కువ. జ్ఞానస్నానంలో పెట్టిన పేరే చాలు, శ్రీసభ (కథోలిక చర్చి) చట్టమూ కొత్త పేరు తప్పనిసరి అనదు.

"సగం మంది కార్లో అకుటిస్ రాసేశారు పిన్నీ. నాకే ఎవరూ దొరకట్లేదు" అని దాని టెన్షన్. పదిహేనేళ్ళకే లుకేమియాతో పోయిన కంప్యూటర్ల కుర్రాడు, 2025లో పునీతుడయ్యాడు. పిల్లలకి నచ్చడూ మరి!

"దేవసహాయం" అన్నాను.

"తాతయ్యల పేరు కదా అది!" అని నవ్వింది.

నిజమే, మన ఊళ్ళలో ఆ పేరు తాతలకే ఉంటుంది. కానీ ఈ దేవసహాయం 1712లో కన్యాకుమారి దగ్గర నట్టాలంలో పుట్టిన నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజుగారి కొలువులో ఉద్యోగి. పంటలు పోయి, పశువులు చచ్చి కుంగిపోయి ఉంటే, డి లన్నాయ్ అనే డచ్చి సేనాని బైబిల్లో అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ణి విడవని యోబు కథ చెప్పాడు. 1745లో జ్ఞానస్నానం. పెట్టిన పేరు లాజరు, అంటే దేవుడు సాయపడ్డాడని. దాన్నే తమిళంలో దేవసహాయం అన్నారు. ఆ తర్వాత ఆయన కులం పట్టింపు వదిలేసి, అంటరానివాళ్ళన్నవాళ్ళ పక్కనే కూర్చుని తిన్నాడు. ఆయన్ని కొట్టారు, గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊళ్ళవెంట తిప్పారు. 1752 జనవరి 14న కాట్టాడిమలలో కాల్చి చంపారు.

2022 మే 15న పునీతుడిగా ప్రకటించేటప్పటికి ఆయన పేరు చివర పిళ్ళై లేదు. కులం పేరెందుకని అభ్యంతరం వస్తే తీసేశారు. నాకు సిగ్గేసేది ఇక్కడే. పూజలో ఒకరికొకరం సమాధానం (శాంతి) చెప్పుకుని, గుడి గుమ్మం దాటగానే "మీరేవిట్లు?" అని ఆరా తీసేవాళ్ళం మనం.

అభ్యంగనంలో జ్ఞానతల్లి పిల్ల భుజం మీద కుడిచెయ్యి వేసి నిలబడితే, పీఠాధిపతులు (బిషప్) ముందు పేరుపెట్టి పిలుస్తారు. ఆ తర్వాతే నుదుటి మీద తైలంతో సిలువ గుర్తు, పవిత్రాత్మ వరపు ముద్ర. ఆ పేరుకి అది పలకాలి.

కాసేపాగి, "పండగెప్పుడు?" అంది.

"జనవరి 14. మన సంక్రాంతి రోజుల్లోనే."

"మా బిషప్‌కి పలకడం రాదేమో పిన్నీ. వాయిస్ మెసేజ్ పెట్టవా?"

దే-వ-స-హా-యం. నిదానంగా రెండుసార్లు పలికి పంపాను.